సూర్యఫలకముల ముదిమి

ఇటీవల మన పట్టణములలోను పల్లెలలోను మిద్దెలపై నల్లని గాజుపలకలు విరివిగా కానవచ్చుచున్నవి. వడియములు పెట్టుకొనుటకును, మిరపకాయలు ఎండబోసికొనుటకును మనకున్న చోటిలో సగము నాక్రమించుకొని, యెండను త్రాగి విద్యుత్తు నిచ్చు నీ పలకలను కొందఱు సూర్యఫలకము లనియు, కొందఱు సోలారు పలక లనియు పిలుచుచున్నారు. 2024వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీని కేంద్రప్రభుత్వమువారు కోటి యిండ్లపై వీనిని అమర్పింపవలెనని ప్రధానమంత్రి సూర్యఘర్ అను పథకమును ప్రారంభించిరి. మూడు కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయలు సర్కారువారి సాయము. తక్కిన సొమ్ము గృహస్థుడు పెట్టుకొనవలెను. పలువురు బ్యాంకులో అప్పుచేసి పెట్టుచున్నారు. అమ్మువాడు వచ్చి కూర్చుండి, "అమ్మా, ఇరువదియైదేండ్లు మీకు దిగులు లేదు" అని చెప్పి కాఫీ త్రాగి పోవును. ఆ యిరువదియైదేండ్ల మాటకు అర్థమేమో అప్పుకాగితముపై వ్రాలు చేయుటకు ముందే మన సోదరీమణులు తెలిసికొనుట మేలని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పలక యిరువదియైదేండ్లును ఒక్కతీరున పనిచేయునని ఆ మాటకు అర్థము కాదు. ఏటేట కొంచెము కొంచెముగా తగ్గుచు పోయినను, ఇరువదియైదవయేట మొదటి బలములో నూటికి ఎనుబది పాళ్లకు తక్కువ కాకుండ నుండునని తయారుచేసినవారు వ్రాసి యిచ్చు పూచీ యది. మొదటియేట నూటికి రెండు మూడు పాళ్లును, అటుపిమ్మట ఏటికి అరపాలు మొదలు ముప్పాతిక పాలు వఱకును తగ్గవచ్చునని ఆ కాగితములో నుండుట వాడుక. ఇప్పుడు వచ్చుచున్న ఎన్-టైపు అను క్రొత్తరకమునకు మొదటియేట ఒక పాలు, తరువాత ఏటికి 0.4 పాలు మాత్రమే తగ్గుదల యని ముప్పదియేండ్ల పూచీ యిచ్చువారును గలరు. ఇది బలమునకు సంబంధించిన పూచీ. గాజు, చట్రము, అతుకులు మొదలగు వాని లోపములకు వేఱొక పూచీ గలదు. అది పది పండ్రెండేండ్లకే ముగియుట కద్దు. అమ్మువాడు చెప్పునది మొదటిదానినిగూర్చియే. మనము విని సంతోషించునది రెండింటినిగూర్చియు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇంతకును ఈ పలక ముసలిదగుట యెట్లు? ఇందు తిరుగు చక్రము లేదు, కాలు నూనె లేదు, అరుగు ఇరుసు లేదు. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు మొదటి సిలికాన్ సూర్యఘటమును లోకమునకు చూపిరి. అది తనపై బడిన యెండలో నూటికి ఆఱుపాళ్లను విద్యుత్తుగా మార్చెను. నేటివి ఇరువదిపాళ్లకు మించి మార్చుచున్నవి. సిలికాన్ అనునది ఇసుకనుండి తీయబడు పదార్థము. వెలుతురు సోకినప్పుడు అందలి ఎలక్ట్రానులు కదలును. ఆ కదలికను తీగలతో పట్టి తెచ్చుకొనుటయే యీ విద్య. వెలుతురు పడగానే క్రొత్తలో కొన్ని గంటలలోనో కొన్ని దినములలోనో సిలికాను కొద్దిగా బలము కోల్పోవును. పూచీకాగితములోని మొదటియేటి తగ్గుదలకు ముఖ్యకారణ మదియే. ఆపై సిలికాను చాలవఱకు స్థిరముగానే యుండును. ముసలితనము వచ్చునది దాని కట్టుబట్టలకు.

మన పూజగదిలోని దేవునిపటమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ముందు గాజు, వెనుక అట్ట, నడుమ చిత్రము, చుట్టును చట్రము. ఏండ్లు గడచిన కొలది అట్టసందునుండి చెమ్మ లోనికి దిగి, అంచున పసుపుమరక యొకటి పుట్టి, క్రమముగా స్వామివారి పాదములవఱకు ప్రాకును. సూర్యఫలకముయొక్క నిర్మాణమును ఇట్టిదే. పైన దళసరి గాజు. దానిక్రింద పారదర్శకమైన జిగురుపొర. ఆ పొరలో పొదిగిన సిలికాన్ బిళ్లలు. వానిపై వెంట్రుకవలె సన్నని వెండిగీతలు. బిళ్లను బిళ్లకు కలుపు రాగిపట్టీలు. వెనుక ప్లాస్టికు పొర. చుట్టును అల్యూమినియపు చట్రము. చాల పలకలలో ఆ జిగురుపొర యీ.వీ.ఏ. అను పదార్థముతో చేయబడును. ఎండలోని అతినీలలోహిత కిరణములకును వేడికిని అది ఏండ్లకొలది గుఱియై పసుపుబారి, పిమ్మట గోధుమవన్నె దాల్చును. అంత మేరకు సిలికానుకు వెలుతురు చేరదు. అంతటితో పోవునా? వెనుకపొరగుండ దిగిన చెమ్మ దానితో కలిసినప్పుడు ఎసిటికామ్లము పుట్టును. సిర్కాలోని పులుపు అదియే. కళాయి లేని యిత్తడిగిన్నెలో చింతపండుపులుసు కాచినచో నేమగునో మనకొకరు చెప్పనక్కఱలేదు. లోపలి వెండిగీతలకును అతుకులకును ఆ పులుపు అట్టి యపకారమే చేయును. గీత తెగిన మేర, పుట్టిన విద్యుత్తు బయటికి వచ్చు త్రోవ లేక అచ్చటనే నశించును.

అతుకులమాట వచ్చినది గనుక ఇంకొకటి. వేసవి మధ్యాహ్నమున పలకయొక్క వేడి అఱువది డెబ్బది డిగ్రీల వఱకు పోవును, రాత్రి చల్లబడును. వేడికి సాగుట, చలికి ముడుగుట ప్రతిదినమును జరుగు వ్యవహారము. రాగి యొకతీరున సాగును, సిలికాన్ మఱియొకతీరున. నడుమ నున్న మాటు ఈ రెంటి పెనుగులాటలో నలిగి, కొన్నివేల దినములకు బీటలు వాఱును. ఒక బిందె మాటు మాటిమాటికి ఊడుట యెఱిగినవారికి ఇది వింత గాదు.

ఎండను నమ్ముకొని బ్రదుకు వస్తువునకు ఎండవేడియే శత్రువగుట విచిత్రముగా దోచవచ్చును. కాని సూర్యుని భార్యయగు సంజ్ఞాదేవికే భర్త తాపము సహింపరానిదై, తనకు మాఱుగా ఛాయను నిలిపి వెడలిపోయినదని పురాణములు చెప్పుచున్నవి గదా. పలకకు అట్లు వెడలిపోవుటకు వీలు లేదు. ఛాయయైనను దానికి మేలు చేయదు. ఆ సంగతి ముందు వ్రాసెదము.

వేడి యెంతటి పని చేయునో తెలియుటకు కాలిఫోర్నియాలోని కరిసా మైదానపు కథ చాలును. 1983-84 ప్రాంతమున ఆర్కో అను సంస్థవా రచ్చట గొప్ప సౌరకేంద్రము నిర్మించిరి. పలకలపై ఎండ మఱింత పడవలెనని ఇరుప్రక్కల అద్దములు నిలిపిరి. ఎండతోపాటు వేడియు హెచ్చినది, జిగురుపొర కొలదియేండ్లలోనే గోధుమవన్నెకు దిగినది, విద్యుత్తు పడిపోయినది. 1990లో సంస్థవారు దానిని అమ్మివేసిరి. అటుపిమ్మట దానిని విప్పి పలకలను విడివిడిగా అమ్మిరి. అద్దములు పెట్టినవారిది దురాశ యని మేము చెప్పము. ఆనాటికి ఆ సంగతి ఎవరికిని తెలియదు.

ఇంచుమించు ఆ కాలముననే, 1982 మే నెలలో, స్విట్జర్లాండు దేశపు లుగానో పట్టణమున 288 పలకలతో నొక చిన్నకేంద్రమును ఊరి విద్యుత్తీగలకు కలిపిరి. ఐరోపాఖండమున అట్లు కలిపిన సౌరకేంద్రములలో నది మొదటిది. ఒక్కొక్క పలక 37 వాట్లది మాత్రమే. ముప్పదియైదేండ్లు గడచిన పిదప ఆ పలకలను దింపి కొలిచి చూచిరి. ఒకే సంస్థ చేసిన, ఒకే పేరుగల పలకలే యైనను అన్నియు ఒకే రీతిగా ముసలివి కాలేదు. కొన్ని ఏటికి 0.2 పాళ్లు, కొన్ని 0.7 పాళ్లు చొప్పున తగ్గినవి. హేతువు విచారింపగా లోపలి జిగురుపొర మూడువిధములైన పాకములతో తయారైనదని తేలినది. పైకి ఒక్కటే రూపము, ఒక్కటే వెల. లోపలి పాకములో నుండిన భేదము ముప్పదియేండ్లకు బయటపడినది. ఆవకాయ పెట్టు చేతుల కీ మాట సులభముగ బోధపడును.

అమెరికా జాతీయ పునరుత్పాదకశక్తి పరిశోధనాలయమున జోర్డను, కుర్ట్సు అను శాస్త్రజ్ఞులు నలువదేండ్లలో ప్రకటితములైన సుమారు రెండువేల కొలతలను పోగుచేసి 2013లో ప్రచురించిరి. వానిలో నడిమి లెక్క ఏటికి అరపాలు. పూచీకాగితముల లెక్కయు దానికి దగ్గఱగానే యున్నది గదా యని మనము సంతోషింపవచ్చును. కాని మన దేశపు సంగతి వేఱు. 2013 మొదలుకొని బొంబాయి ఐ.ఐ.టి. వారును జాతీయ సౌరశక్తి సంస్థవారును కలిసి దేశమంతట తిరిగి పలకలను పలుమాఱులు పరీక్షించిరి. వారికి గోచరించిన విషయములు మూడు మనకు ముఖ్యము. చల్లని ప్రదేశములకంటె వేడిప్రదేశములలో పలకలు త్వరగా ముసలివగుచున్నవి. నేలపై నున్నవానికంటె మిద్దెలపై నున్నవి హెచ్చుగా చెడుచున్నవి. పెద్ద కేంద్రములకంటె చిన్న యమరికలు అధ్వాన్నముగా నున్నవి. వేడిదేశము, మిద్దె, చిన్నయమరిక — మూడును కలిసిన చోటేది? మన యిల్లే. మిద్దెవేడి యొక కారణము; ఎత్తి దింపుటలోను బిగించుటలోను జాగ్రత్త చాలమి మఱియొక కారణము. పెద్ద కేంద్రమున దినమునకు పదిమాఱులు లెక్క చూచుకొను ఇంజనీర్లుందురు. మన మిద్దెపై చూచువారెవరు?

దీని నష్టమును రూపాయలలోనికి మార్చి చూడుడు. మూడు కిలోవాట్ల యమరిక మన యెండలకు దినమునకు సరాసరి పండ్రెండు యూనిట్లిచ్చు ననుకొన్నచో ఏటికి 4,380 యూనిట్లు. ఏటికి అరపాలు చొప్పున తగ్గినచో ఇరువదియైదేండ్లకు 3,860 యూనిట్లకు దిగును. పాలున్నర చొప్పున తగ్గినచో 3,000 యూనిట్లు. రెంటికి నడుమ ఆ యేటి భేదము 860 యూనిట్లు. ఒక్కసారిగా పోయినచో ఇల్లు గగ్గోలెత్తును. చుక్కచుక్కగా పోవుచుండుటచే ఎవరికిని తెలియకుండ పోవును.

తెలిసికొనిన యొక యింటి సంగతి వ్రాసెదము. మా వదినగారు సముద్రతీరపు పట్టణములో నున్నారు. భర్త గతించిన పిమ్మట ఫించనుసొమ్ముపై సంసారము నెట్టుకొనుచు, 2020 మొదట అప్పుచేసి తొమ్మిది పలకలు పెట్టించిరి. నెలనెల బ్యాంకు వాయిదాను కరెంటుబిల్లులో మిగిలిన సొమ్ముతో తీర్చవలెనని ఆమె యేర్పాటు. ఆమె పాలలెక్క వ్రాసికొను పుస్తకములోనే, ప్రతినెల మొదటితేదీని ఇన్వర్టరుపై కనబడు అంకెను వ్రాసి యుంచిరి. 2021 ఏప్రిలులో 390 యూనిట్లు; 2022 ఏప్రిలులో 386; 2023 ఏప్రిలులో 325. ఆమె తమ్ములైన మావారు, "ఈ యేడు మబ్బు లెక్కువేమో" అనిరి. ఆమె మే, జూను నెలలు కూడ చూచి, అప్పుడు పలకలు పెట్టినవానిని పిలిపించిరి. మేమును ఆ దినమున అచ్చటనే యుంటిమి.

అతడు మిద్దె యెక్కి, క్రిందికి దిగి, "అమ్మా, వస్తువన్న తరువాత పాతబడదా? మనుష్యులమే పాతబడుచున్నాము" అనెను.

మా వదినగారు పుస్తకము అతనిముందు పెట్టి, "నాకు అఱువదిరెండేండ్లు. నేను ఏటికి ఆఱవవంతు చొప్పున పాతబడుచుంటినేని, నీతో మాటలాడుటకు ఇచ్చట నుండెడిదానను కాను" అనిరి.

అతడు నవ్వినాడు గాని మఱునాడు కొలత సాధనముతో వచ్చినాడు. రెండు పలకలు చెడియుండెను. ఒకదాని వెనుకపొరపై కాలినమచ్చ అరచేతిపాటి కనబడినది. బిగించునాడు పనివాండ్రు పలకలపై నిలుచుండి పనిచేయుట వదినగారు చూచి యప్పుడే వలదనిరట. గాజు పగులకపోయినను, మనిషిబరువునకు లోపలి సిలికాన్ బిళ్లలు కంటికి కానరాని వెంట్రుకబీటలు వాఱును. మొదట వానివలన హాని కనబడదు. రెండు మూడు వేసవుల వేడికి బీట పెరిగి, బిళ్లలో కొంతభాగము విడిపోయి, అచ్చట వేడి పుట్టి కాలును. ఆమెచేత పూచీకాగితమును, ప్రతిపలక క్రమసంఖ్యయు, మూడేండ్ల నెలవారీ లెక్కయు నుండుటచే, నాలుగు నెలలు ఉత్తరములు నడచిన మీదట రెండు పలకలు క్రొత్తవి వచ్చినవి. లెక్క లేనివారికి ముదిమి వేఱు, రోగము వేఱు అని రుజువు చేయు దారి లేదు. ముదిమికి పూచీ యెవరును చెల్లింపరు, రోగమునకు చెల్లింపవలసినదే.

కాబట్టి లెక్క వ్రాయు విధము కొంచెము వివరించెదము. కరెంటుబిల్లులోని అంకె యిందుకు పనికిరాదు. అది మనము వాడుకొనినది పోగా మిగిలినదానిని తెలుపును. ఇన్వర్టరుపై గాని, దాని సంబంధమైన ఫోనులో గాని కనబడు ఉత్పత్తి లెక్కనే వ్రాయవలెను. ఈ నెలను గతమాసముతో పోల్చరాదు. గతసంవత్సరపు ఇదే నెలతో పోల్చవలెను. ఆషాఢమున మబ్బుల వలనను, మేనెలలో వేడి వలనను తగ్గుట ముదిమి గాదు. మేనెలమాట చాలమందికి ఆశ్చర్యమును గొల్పును: పలకవేడి ఇరువదియైదు డిగ్రీలకుపైన ప్రతి డిగ్రీకి విద్యుత్తు నూటికి 0.3 మొదలు 0.4 పాళ్లు తగ్గును. చల్లబడగానే మరల వచ్చును. దుమ్ము వలని తగ్గుదలయు అట్లే, కడిగిన తీరిపోవును. కడిగినను, చల్లబడినను, ఏడాది తిరిగినను రానిదే ముదిమి. ఒక్కయేడు మబ్బుల వలన నాలుగైదుపాళ్లు అటునిటు కావచ్చును. పదిపాళ్లు దాటెనేని మనిషిని పిలువుడు.

కడుగుటయు తెల్లవాఱుజామున గాని, సూర్యుడస్తమించిన పిమ్మట గాని చేయవలెను. కాగిన గాజుపై చన్నీరు పోయుట పొయ్యిమీది గాజుపాత్రపై పోయుటవంటిది. మెత్తని గుడ్డ చాలును. బూడిద, కొబ్బరిపీచు, గిన్నెలు తోము పొడి — ఇవి దానిదరికి రానీయరాదు. బోరునీటిలో సున్న మెక్కువగా నున్నచో ఆఱిన పిమ్మట తెల్లనిపొర నిలిచిపోవును గనుక వెంటనే తుడువవలెను. పలకపై కాలు పెట్టరాదు. గాలిపటము దానిపై బడినను పిల్లలను ఎక్కనీయరాదు. తీగలను, అతుకులను మనము తాకనే తాకరాదు. మెయిను కట్టివేసినను, పగటివేళ పలక విద్యుత్తును పుట్టించుచునే యుండును.

ఇక ఛాయమాట. ఒక వరుసలోని పలకలు దండలోని పువ్వులవలె ఒకదానికొకటి కూర్పబడి యుండును. ఒకదానిలో నాలుగు బిళ్లలపై కొబ్బరిమట్టనీడయో, ఆరవేసిన చీరనీడయో, కాకిరెట్టయో నిలిచినచో, ఆ బిళ్లలు విద్యుత్తు నిచ్చుట మాని, ఇతర బిళ్లలనుండి వచ్చుదానిని తామే మ్రింగి వేడెక్కును. దీనిని తప్పించుటకు లోపల డయోడులను పెట్టియున్నారు. కాని దినదినమును అదే నీడ అదేచోట పడుచున్నచో అవియును అలసిపోవును. మిద్దెపై నీళ్లట్యాంకు ఎటువైపున నున్నదో, మధ్యాహ్నము దాని నీడ యెచ్చట పడునో, అమర్చువానికంటె దినమును బట్టలారవేయు మనకే బాగుగ తెలియును. ఆ మాట మొదటిదినముననే అతనికి చెప్పవలెను.

సముద్రపుటుప్పు చట్రమును అతుకులను తినును. పశువులకొట్టమునుండి వచ్చు అమోనియా ఘాటును అట్లే. ఈ రెంటిని తట్టుకొను పరీక్షలు వేఱువేఱుగా గలవు గనుక, తీరవాసులును పాడిగలవారును ఆ పరీక్షలు జరిగినవా యని కొనుటకు ముందు అడుగవచ్చును. పలకకును మిద్దెకును నడుమ గాలియాడు ఎడముండవలెను. మిద్దెకు ఆనించి పఱచినది త్వరగా ముసలిదగును. ఇన్వర్టరు ఆయువు పది పదునైదేండ్లే కనుక, దానిని మార్చుటకు సొమ్ము కొంచెముగ ప్రక్కన వేయుచుండుట మంచిది.

ఇరువదియైదేండ్లు నిండిన పలక చచ్చినది గాదు. నూటికి ఎనుబదిపాళ్లు పనిచేయుదానిని దింపి పాఱవేయుట తొందఱపాటు. చోటు చాలనివారు మాత్రము క్రొత్తవి పెట్టి పాతవానిని తోటలోని మోటారుకో, కొట్టపుదీపమునకో వాడుకొనవచ్చును. నిజముగా పగిలి పనికిరానిదైనచో పాతసామానులవానికి వేయరాదు. దాని మాటులలో సీస ముండుట సామాన్యము. 2023 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనలలో సూర్యఫలకములును చేరినవి. వానిని గుర్తింపుపొందిన సేకరణదారులకే యీయవలెను.